బొరుగుల లారీకి బరువుగా వెళ్ళాను

"తప్పుగా అనుకోవద్దు మేడం, మీరు ఎన్ని కేజీలుంటారు?"

మదనపల్లె నుంచి కుప్పం దాకా నా ప్రయాణం ఈ ప్రశ్నతో మొదలైంది. అడిగినవాడు డాక్టరు కాదు, మునిరత్నం అనే మినీ లారీ డ్రైవరు. ఉదయం ఆరు గంటలకు ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో కాఫీ ఫ్లాస్కుతో, యాత్రకు బయల్దేరినదానిలా నిలబడి ఉన్నాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో పద్దెనిమిదేళ్ళుగా జూనియర్ అసిస్టెంటును. ఇన్నేళ్ళలో ఈ సంగతి నన్ను మొహం మీద అడిగిన మగాడు లేడు. వెనకాల అనుకున్నవాళ్ళకు కొదవ లేదు.

"తొంభై రెండు" అన్నాను, నాలుగు తగ్గించి.

మునిరత్నం మొహం వెలిగింది. "అట్లయితే మీరు నడాన కూసోండి మేడం. బండికి మంచిది."

నా ఒంటి వల్ల ఒకరికి మంచి జరుగుతుందని వినడం అదే మొదటిసారి. పొంగిపోవాలో, ఫ్లాస్కు విసరాలో తేలక ఎక్కి కూర్చున్నాను.

మదనపల్లె: అడుగున ఏముండాలి

లారీ నాది కాదు, సరుకూ నాది కాదు. సరుకు రెడ్డెమ్మది, లారీ ఆమె మాట్లాడుకున్న బాడుగ బండి. రెడ్డెమ్మ మా వెనక వీధిలో బొరుగుల బట్టీ నడుపుతుంది. భర్త పోయి ఏడేళ్ళు. అప్పట్నుంచి మొన్నటి దాకా పొయ్యి దగ్గర ఇసుకలో బియ్యం వేయించేది ఆమె, అంగట్లో కూర్చుని అమ్మేది ఆమె బావ, భర్త అన్న వెంకటప్ప. ఏటా ఆషాఢంలో కుప్పం పక్కన జరిగే అమ్మవారి జాతరకు ఆమెనూ తీసుకుపోయేవాడు. అక్కడ ఆమె పని పడి నింపడం. పడి అంటే మా శేరులాంటి కొలపాత్ర. నింపడం వరకే. ధర మాత్రం ఆయన నోటినుంచి రావాలి. ఎవరైనా పొరపాటున రెడ్డెమ్మను అడిగితే ఆమె ఆయన వైపు చూడాలి, ఆయన చెప్పాలి.

ఈ ఏడు ఆమె వేరుపడింది. జాతర పెద్దల దగ్గరికి తానే వెళ్ళి తన పేరు మీద అంగడి జాగా రాయించుకుంది. దానికో షరతు ఉంది. జాతర రెండో రోజు దీపాలు పెట్టే వేళకు సరుకు దిగి ఉండాలి. దిగకపోతే పక్క అంగడివాళ్ళు ఆ జాగాలోకి జరుపుకోవచ్చు. పక్క అంగడి వెంకటప్పది.

"ఈ ఒక తూరి నిలబడితే మళ్ళీ నన్ను ఎవురూ అడ్డుకోరు మేడం" అంది రెడ్డెమ్మ, మూటల మీద తాడు బిగిస్తూ. "నిలబడలేదనుకో, వచ్చే జాతరకి మళ్ళా ఆయప్ప అంగట్లో పడి పట్టుకోవాల్సిందే."

నాకు రెండు రోజుల సెలవుంది, జాతర చూడాలనీ ఉంది. అంతకంటే గొప్ప ఉద్దేశం ఉందని చెప్పుకోను.

సరుకు అరవై మూటలు. ఒక్కో మూట చూడ్డానికి ఏనుగు పిల్లంత, ఎత్తితే ఎనిమిది కేజీలు దాటదు. అవి రెండు నిలువుల ఎత్తు లేచాయి. మునిరత్నం వాటిని చూసి తల పట్టుకున్నాడు.

"ఖాళీ బండన్నా మేలు మేడం. దానికి ఎత్తుండదు. దీనికి ఎత్తుండాది, బరువు లేదు. ఆషాడం గాలి ఒక్క తోపు తోసిందంటే పక్కకి పండుకుంటాది."

అందుకని తేలిక సరుకు ఎత్తే లారీల్లో అడుగున బరువు వేస్తారు. ఇసుక మూటలో, పాత గ్రానైటు ముక్కలో, ఏదో ఒకటి. మునిరత్నం మాత్రం నలభై పెట్టెల టమోటా వేశాడు. ఊరికే రాయిని మోసేవాడు తిక్కోడనేది అతని అభిప్రాయం. "రాయి మోస్తే నాకేమొస్తాది? టమోటా అయితే కుప్పంలో అమ్ముకుంటా. బరువూ అయితాది, బేరమూ అయితాది."

వినడానికి చాలా తెలివైన మాట. నేను తలూపాను కూడా.

పుంగనూరు: గేరు కడ్డీతో స్నేహం

నడాన, డ్రైవరుకీ రెడ్డెమ్మకీ మధ్యన, కూర్చోవడమంటే గేరు కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు సర్దుకోవడమని లారీ కదిలాక అర్థమైంది. గేరు మార్చినప్పుడల్లా మునిరత్నం "రొంత జరగండి మేడం" అంటాడు. అటు జరిగితే రెడ్డెమ్మ తలుపుకి అతుక్కుంటుంది. ఇటు జరిగితే మూడో గేరు పడదు. పుంగనూరు చేరేదాకా మేము ఎక్కువగా రెండో గేరులోనే ప్రయాణించాం. ఊళ్ళోకి రాగానే క్లచ్ పోయింది. మెకానిక్ వంగి చూసి, లేచి, మునిరత్నాన్ని వదిలేసి నన్ను చూశాడు.

బాగయ్యేది రేపు పొద్దుటికే అన్నాడు. ఆ రాత్రికి రెడ్డెమ్మ అక్క ఇంట్లో మకాం. అంతకుముందు బస్టాండు దగ్గర ఎర్రకారం దోసె తిన్నాం, నలభై రూపాయలు. మదనపల్లెలోనూ అదే ధర. అయితే మా దగ్గర కారం దోసెకు పూస్తారు, పుంగనూరులో కారానికి దోసె చుడతారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. రెడ్డెమ్మ ఇంకోటి చెప్పింది.

అక్క ఇంట్లో సంగటి, చింతాకు పప్పు పెట్టారు. ఇంటి పైన రేకులు, రేకుల మీద వరసగా రాళ్ళు, వాటి మధ్యలో ఒక పాత రుబ్బురోలు. మాది మిద్దె ఇల్లు కాబట్టి నాకు అది వింతే. "గాలికి రేకులు లేస్తాయి మేడం. రాళ్ళు పెడితే గమ్మునుంటాయి" అంది అక్క. వాకిట్లో కూర్చుని సంగటి తింటూ ఆ రోటినే చూశాను. ముప్ఫై ఏళ్ళు పిండి రుబ్బి, గ్రైండరు వచ్చాక కొలువు పోయి, ఇప్పుడు ఏ పనీ చేయకుండా పైన కూర్చోవడమే దాని పని. మా ఆఫీసులో ముగ్గురు అదే హోదాలో ఉన్నారు. వాళ్ళు లేకపోతే ఫైళ్ళు ఎగిరిపోతాయేమోనని ఇన్నాళ్ళకు తోచింది. వెనకటికి సరుకు లేని ఓడలు కూడా అడుగున రాళ్ళు నింపుకుని సముద్రం దాటేవని ఎక్కడో చదివాను. ఆ మాట చెబితే అక్క "ఆ రాళ్ళు మళ్ళా ఏం జేస్తారు?" అని అడిగింది. నాకు తెలియదు. పప్పు ఇంకాస్త వేయించుకున్నాను.

పొద్దున లారీ దగ్గరికి వెళ్ళేసరికి అది నిన్నటికంటే ఎత్తుగా నిలబడి ఉంది. ఒళ్ళు తగ్గినవాళ్ళు నిలబడతారే, అలా. రెడ్డెమ్మ వంగి చూసి, "టమోటా యాడప్పా?" అంది.

"అమ్మేసినా" అన్నాడు మునిరత్నం, పెళ్ళిచూపుల్లో పిల్లాడిలా నవ్వుతూ. "ఈడ రేటు లేసింది. పెట్టెకి రెండు నూర్లు ఎక్కువ పలికింది. యాల ఇడుస్తాం?"

"అడుగున బరువో?"

అతని నవ్వు ఆగిపోయింది. ఆ సంగతి బేరం కుదిరేటప్పుడు అతనికి గుర్తులేదు. తప్పు అతనిదొక్కడిదే అనను. మా వైపు టమోటా రేటు లేచిందంటే మనిషికి మిగతావేవీ కనిపించవు. పెళ్ళి పీటల మీద ఉన్న పెళ్ళికొడుకు ఫోను తీసి రేటు చూడ్డం నేను కళ్ళారా చూశాను.

బదులు బరువు కోసం ఊరంతా అడిగాం. అంత పొద్దున్నే ఇసుకా దొరకలేదు, రాయీ దొరకలేదు. ఒకాయన తన పుంగనూరు ఆవును వి.కోటకు చేర్చమన్నాడు. పొట్టి జాతి, నా నడుము దాకా వస్తుంది. ఇప్పుడు పట్నంలో వాటితో ఫోటోలు దిగడానికి జనం ఎగబడుతున్నారట. ఆవు నన్ను చూసింది, నేను ఆవును చూశాను. బరువులో నాకంటే మరీ ఎక్కువేమీ ఉండదనిపించింది. మునిరత్నం ఒప్పుకోబోయాడు. అంతలో ఆవు మెడ చాచి ఒక మూట కొస కొరికి నమలడం మొదలుపెట్టింది.

"వద్దు సామీ" అని రెడ్డెమ్మ చేతులు జోడించింది. ఆవుకో, ఆవు యజమానికో తెలియలేదు. ఉత్తి అడుగుతోనే బయల్దేరాం.

వి.కోట దారి: నలభై రెండో ప్లాటు

పలమనేరు దాటాక ఒక మలుపులో గాలి కుడివైపు నుంచి కొట్టింది. లారీ ఎడమకు ఒరిగి, క్షణంసేపు ఆలోచించి, వెనక్కి వచ్చింది. పైన ఒక మూట తెగి రోడ్డు మీద పడి పగిలింది. తెల్లటి బొరుగులు గాలికి లేచి మా మీంచే ఎగిరిపోయాయి. మునిరత్నం బండి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. రెడ్డెమ్మ దిగి, చేతికందినన్ని బొరుగులు కొంగులోకి ఎత్తుకుంది. మట్టి కలిసినవి ఎవరూ కొనరని ఆమెకు తెలుసు. అయినా ఎత్తింది. అంతవరకు నాకిదంతా తమాషాగానే ఉంది.

ఇరవై కిలోమీటర్ల వేగంతో వి.కోట దాకా వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరు దాటాక రోడ్డు పక్క బీడులో తెల్లరంగు పూసిన రాళ్ళు వరసలుగా కనిపించాయి. కొన్ని ఒరిగి ఉన్నాయి, వాటి మధ్య మేకలు మేస్తున్నాయి.

"ఇది మునిగిపోయిన వెంచరు మేడం" అన్నాడు మునిరత్నం, రిజిస్ట్రారు లాంటి నమ్మకంతో. "రెండేండ్లాయ, ఎవురూ రాలేదు. రాళ్ళు ఊరికే పడుండాయి."

ప్రభుత్వోద్యోగినైన నేను ఇక్కడ ఒక ప్రశ్న అడగాల్సింది. అడగలేదు. కొంగు నడుముకు చెక్కుకుని రాళ్ళు పట్టాను. ముప్పావు గంటలో ఇరవై రెండు రాళ్ళు పెరికి, మూటల కింద సర్దాం. బండి ఎక్కుతుండగా స్కూటరు మీద ఒక తెల్లచొక్కా మనిషి కేకలేస్తూ వచ్చాడు.

"ఏయ్! మా ప్లాట్లు యాడికి ఎత్తుకోని పోతాండారు?"

వెంచరు మునగలేదు. నిన్ననే పది ప్లాట్లు అమ్ముడుపోయాయి. "ఆ రాయి సూడు, నలబై రెండు. బెంగళూరు ఇంజనీరు నిన్న దాని పక్కన నిలబడి భార్యకి వీడియో సూపించినాడు. రేపు వచ్చి ఆ రాయి ఏదంటే నేనేం జెప్పేది?"

పోలీసుల మాట అతనెత్తకముందే మేమే దింపడం మొదలుపెట్టాం. దింపితే చాలదు, నంబరు ప్రకారం ఎక్కడివక్కడ పాతాలి. పద్నాలుగో నంబరు రాయి నలభై ఒకటో దాని చోట పడిందంటే ఒకరి ఇల్లు ఇంకొకరి వీధిలోకి వెళ్ళిపోతుంది. మేకలు మా గుర్తులన్నీ తొక్కేశాయి. నేను కాగితం తీసి పటం గీశాను, తెల్లచొక్కా అడుగులు కొలిచాడు, మునిరత్నం గుంటలు తవ్వాడు. నా సర్వీసులో ఇంత వేగంగా సర్వే జరగడం చూడలేదు. అయినా రెండు గంటలు పట్టింది. చివరి రాయి నిలబెట్టేసరికి నాలుగున్నర. రెడ్డెమ్మ సూర్యుడి వైపు చూసింది.

బస్సు రాని స్టాపు

మూడు కిలోమీటర్ల అవతల స్టాపులో పన్నెండుమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరి మెళ్ళోనూ గుర్తింపు కార్డులు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తారట. షిఫ్టు దిగి జాతరకు బయల్దేరితే బస్సు రాలేదు. వాళ్ళలో పెద్దామె, మునెమ్మ, చెయ్యెత్తి బండి ఆపింది.

మునిరత్నం కళ్ళతోనే తూకం వేయడం నేను గమనించాను. "తలకి ముప్పై రూపాయలు" అన్నాడు.

"పైన కూసుంటాం, యాల ముప్పై?"

"పైన కాదమ్మా, బొరుగులు పిండైపోతాయి. అడుగున కూసోవాల. మీ మీద మూటలు పెడతా." ఆపైన గాలి సంగతి, టమోటా సంగతి అన్నీ చెప్పాడు.

మునెమ్మ సాంతం విని చేతులు నడుముకు పెట్టుకుంది. "అంటే నీ బండి పడిపోకుండా మేము బరువియ్యాల. మళ్ళా దుడ్లు గూడా మేమే ఇయ్యాలా? ఏ ఊరప్పా నీది?"

అప్పుడు రెడ్డెమ్మ ముందుకొచ్చింది. దీపాల వేళకు చేరకపోతే ఏమవుతుందో నాలుగు మాటల్లో చెప్పింది. బావ పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించుకుంది, ఆయన ఇక్కడెక్కడో ఉన్నట్టు. మునెమ్మ వెనక్కి తిరిగి, "దించండే మూటలు!" అంది.

రోజంతా యంత్రం ముందు కూర్చున్న పన్నెండుమంది పది నిమిషాల్లో లారీ ఖాళీ చేశారు. లారీ అడుగున రెండు వరసలుగా కూర్చున్నారు. నేనూ వెనక్కి వెళ్ళాను. నా బరువు ముందు ఉండి గేరుకు అడ్డుపడటం తప్ప చేసిందేమీ లేదు. కుడివైపు, గాలి కొట్టే పక్కన, నన్ను కూర్చోబెట్టారు. మా ఒళ్ళో మూటలు, భుజాల మీద మూటలు, నెత్తిన మూటలు. ఊపిరాడటానికి తలల దగ్గర సందులు. వేయించిన బియ్యం వాసన, కొబ్బరినూనె వాసన, ఎవరి టిఫిను డబ్బాలోంచో పులిహోర వాసన. చీకట్లో పులిహోర చేతులు మారుతూ నా దాకా వచ్చింది. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. లారీ మాత్రం కొత్త పెళ్ళికూతురిలా కుదురుగా నడిచింది. గాలి కొడుతూనే ఉంది, ఒక్కసారి కూడా ఒరగలేదు.

కుప్పం: గేటు దగ్గర

రైల్వే గేటు పడింది. లోపల మా మాటలు ఆగలేదు. సూపర్‌వైజరు గురించి ఏదో కథ నడుస్తోంది. బయట ఒక గొంతు, "డ్రైవరప్పా, మూటలు మాట్లాడతా ఉండాయే?" అంది.

సందులోంచి చూస్తే రైలు పట్టాల పనివాడు, చేతిలో పార. "బొరుగులప్పా, ఎండకి చిటపటమంటాయి" అన్నాడు మునిరత్నం. అదే సమయానికి నేను తుమ్మాను. పనివాడు దగ్గరకొచ్చి తొంగిచూసి, పకపకా నవ్వాడు. బరువు కోసం కూర్చున్నామని మునెమ్మ లోపలినుంచే చెప్పింది.

అతనికి వింతగా అనిపించలేదు. పట్టాల కింద కంకరను పారతో తట్టి, "ఈ రాళ్ళు గూడా అదే పని జేస్తాయమ్మా" అన్నాడు. "రైలు పోతాంటే పట్టా పక్కకి జరగాలని సూస్తాది. ఇవి పట్టుకోనుంటాయి. టికెట్టు కొన్నోడు ఎవుడన్నా వీటిని సూస్తాడా?"

రైలు వెళ్ళిపోయింది. పడమర ఎర్రబడింది. రెడ్డెమ్మ ముందు సీట్లోంచి "బిన్నా పోనీ అప్పా" అని తొందరపెట్టడం మూటల మధ్య నుంచి నాకు వినబడింది.

జాతర మైదానం

కుప్పంలో ఒకే వాక్యంలో మూడు భాషలు వినిపిస్తాయి. మైదానంలో అయితే నాలుగోది మైకు భాష. అమ్మవారి తేరు మీద బొరుగులు, మిరియాలు చల్లడం ఇక్కడి మొక్కు. మా దగ్గర పూలు చల్లి ఊరుకుంటాం. అందుకే ఇక్కడ బొరుగుల అంగళ్ళకు అంత గిరాకీ.

రెడ్డెమ్మ జాగాకు సున్నం గీత గీసి ఉంది. గీతకు ఇవతల, సరిగ్గా నడిమధ్యన, వెంకటప్ప బల్ల వేసి ఉంది. బల్ల మీద ఆయన మూటలు. దీపాలు పెట్టే మనిషి నిచ్చెన భుజాన వేసుకుని అవతలి వరసలో మొదలుపెట్టాడు.

వెంకటప్ప చెడ్డమనిషిలా కనిపించలేదు. తెల్లపంచె, విబూది, మెత్తటి మాట. "ఇంత పొద్దు పోయి వస్తే ఎట్లమ్మా? రాలేదనుకోని జరిగినా. నువ్వు గూడా ఈడనే నిలబడు, పడి పట్టు. అంగడి జరపడం, ధర జెప్పడం నీకి యాడొస్తాది?"

రెడ్డెమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఏడేళ్ళ అలవాటు.

అప్పటికే లారీ వెనక తలుపు తెరుచుకుంది. జుట్టంతా పొట్టుతో, ఒళ్ళంతా బొరుగులతో పన్నెండుమంది మూటలు పక్కకు నెట్టుకుంటూ ఒక్కొక్కరే దిగారు. చివర నేను దిగాను, దిగాను అనేకంటే దింపబడ్డాను. మునెమ్మ జాగా చూసింది, గీత చూసింది, నిచ్చెన మనిషిని చూసింది. ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్ళి గీతకు ఇవతల, బల్లకు ఆనుకుని కింద కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె, ఇంకొకామె. జాగా నిండా కూర్చున్నారు. మిగిలిన మూలలో నేను కూర్చున్నాను. తొంభై ఆరు కేజీలు, ఈసారి ఒక్కటీ తగ్గించలేదు.

"ఎవురమ్మా మీరంతా? లేయండి" అన్నాడు వెంకటప్ప.

"కాళ్ళు నొప్పులప్పా" అంది మునెమ్మ. "సరుకు దిగినాక లేస్తాం."

నిచ్చెన మనిషి మా వరసలోకి వచ్చాడు. వెనకే వచ్చిన జాతర పెద్దాయన మమ్మల్ని చూసి, లారీని చూసి, గడ్డం గోక్కున్నాడు. "సరుకు వచ్చిందా లేదా?"

"వచ్చింది పెదనాయనా" అంది రెడ్డెమ్మ. ఈసారి మాట వచ్చింది.

"అయితే బల్ల తీయప్పా వెంకటప్పా."

బల్ల జరిగింది. మునిరత్నం మూటలు విసరడం మొదలుపెట్టాడు. ఒక్కో మూట పడేకొద్దీ మాలో ఒక్కొక్కరం లేచాం. నేను లేచేటప్పుడు ఇద్దరు చేయిచ్చారు. మా తలల మీద దీపం వెలిగింది.

రెడ్డెమ్మ మూట విప్పి పడి పెట్టుకుని కూర్చుందో లేదో, చంకలో బిడ్డతో ఒకామె ఆగి "పడి ఎంతమ్మా?" అంది.

రెడ్డెమ్మ తల దానంతటదే పక్క అంగడి వైపు తిరిగింది. అక్కడ వెంకటప్ప కూడా అలవాటు కొద్దీ నోరు తెరిచి "ఇరవై" అన్నాడు. మేమందరం అక్కడే నిలబడ్డాం.

రెడ్డెమ్మ తల వెనక్కి తిప్పుకుంది. "ఇరవై రెండు" అంది.

"ఆయప్ప ఇరవై అంటా ఉండాడే?"

"ఆ ధర ఆయప్పది తల్లీ. ఇది నాది. తిని సూసి తీసుకో" అని గుప్పెడు బొరుగులు తీసి బిడ్డ చేతిలో పోసింది. సగం కింద పడ్డాయి.

బిడ్డ నమిలి, మళ్ళీ చెయ్యి చాచాడు. తల్లి కొంగు పట్టి "రెండు కొలువు" అంది.